అక్కయ్య గిన్నెలో ఉడికిన రబ్బరు గొట్టం

ఉదరవ్యాధుల చికిత్సలో అగ్రగణ్యులైన డాక్టర్ విఠలరావు గారు మొన్న ప్రాతఃకాలంలో హృద్రోగంతో ఆకస్మికంగా కన్నుమూశారు. నాంపల్లి స్టేషను ఎదుట పత్రికలమ్మే దుకాణంలో ఈ వార్త విన్న నేను, కొన్న పత్రికను విప్పకుండానే ఇంటిదారి పట్టాను. ముందటి వారమే ఆబిడ్స్‌లోని తమ చికిత్సాలయం మెట్ల మీద ఎదురై, "పంతులుగారూ, కాఫీ తగ్గించిన్రా లేదా?" అని నిలదీసిన మనిషి! నిజం చెప్పడానికి జంకి, నేను మాట దాటవేశాను.

వారు చాదర్‌ఘాట్‌లోని పాత హైదరాబాదు కుటుంబంలో జన్మించారు. ఇక్కడ వైద్యవిద్య ముగించి, జీర్ణకోశవ్యాధులలో ప్రత్యేక శిక్షణకై మద్రాసు వెళ్లి, ఒక వృద్ధవైద్యుని అంతేవాసులయ్యారు. ఆ గురువు నేర్పిన విద్యలలో విఠలరావు గారు తరచు స్మరించేది మొదటి దినపు పాఠమే. కడుపులోని రసాన్ని పరీక్షకు బయటికి తీసే రబ్బరు గొట్టాన్ని రోగికి ఎలా వేస్తారో చూడవచ్చిన శిష్యుల చేతనే ఆయన ముందుగా దానిని మింగించారట. "కండ్లల్ల నీళ్లు గారినయ్, పంతులుగారూ. ఇగ ఎవ్వల్నన్న 'ఏం గాదు, మింగు' అని కసిరెటందుకు నాకు నోరు రాలే" అనేవారు.

ఆ శిక్షణ విలువ మా ఇంటికే అనుభవానికి వచ్చింది. రాష్ట్రావతరణానంతరం ఉపాధ్యాయవృత్తి నిమిత్తం కృష్ణాతీరం నుండి నాంపల్లికి తరలివచ్చిన మా కుటుంబానికి పెద్దదిక్కు మా అక్కయ్య సూరమ్మ. మడి, ఆచారాల విషయంలో లేశమైనా రాజీ ఎరుగదు. ఆమెకు కడుపునొప్పి ముదిరి, ఆహారం మజ్జిగ నీళ్లకు దిగింది. అది మామూలు పుండో, రాచపుండో తేలక, ఒక శస్త్రవైద్యుడు పొట్ట కోసి చూడవలసిందేనన్నాడు. ఆ నీరసంలో ఆమె కత్తికి తట్టుకోలేదని మా భయం. "ముందుగాల గొట్టం పరీక్ష, ఎక్స్‌రే చేద్దాం. కోసుడు యాడికి బోతది?" అన్నారు విఠలరావు గారు.

చికిత్సాలయంలో గొట్టాన్ని చూడగానే అక్కయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకొన్నది.

"ఎంతమంది మింగారు నాయనా దీన్ని?"

"ఉడకబెట్టి, మందునీళ్లల్ల కడిగినమమ్మా. మస్తు శుభ్రంగుంటది."

"శుభ్రం సంగతి కాదయ్యా. ఎంగిలి ఎంగిలే. ప్రాణం పోతే పోనీ."

పక్క బల్ల మీది కాచిగూడ ఇల్లాలు ఊరుకోలేదు. "గిదేందమ్మా! పానం కన్న ఎంగిలెక్కువనా? నేను మింగలే? సచ్చిపోయిన్నా?"

"అయితే నీ ఎంగిలే నాకు పెడుతున్నారన్న మాట!" అని అక్కయ్య లేచి నిలబడింది.

అందరూ నవ్వారు, డాక్టరుగారు నవ్వలేదు. "అమ్మా, కొత్త గొట్టం తెప్పిస్త. నీ గిన్నెల, నీ పొయ్యి మీద నువ్వే ఉడకబెట్టు. నేనే మీ ఇంటికొస్త" అన్నారు.

అన్నట్లే ఆదివారం ఉదయం వచ్చారు. పాదరక్షలు వీధిలో విడిచి, కాళ్లు కడుగుకొని, వంటింటి గడప ఇవతలే నిలిచారు. ఇత్తడి గిన్నెలో గొట్టం సిద్ధంగా ఉన్నది. అక్కయ్య జంకు పోగొట్టడానికి మద్రాసులో తాము గొట్టం మింగిన కథ చెప్పారు. ఆమె అనుమానంగా గిన్నెలోకి చూసి, "అది ఇదే కాదు గదా?" అన్నది.

"గది మద్రాసుల్నే ఉన్నదమ్మా, నీకు దండం బెడత!"

అక్కయ్య నవ్వింది, నోరు తెరిచింది. పరీక్ష జరిగినంతసేపూ ఆయన ఆమె ఎదుటనే నేలమీద కూర్చున్నారు.

అది రాచపుండు కాదని తేలింది. ఔషధాలతోనే వ్రణం మానింది. కత్తి అవసరం రాలేదు. అటు పిమ్మట ఆబిడ్స్ చికిత్సాలయంలో, లోపలి గదిలోని పొయ్యి రోగులు కూర్చునే చోటికి వచ్చింది. గొట్టాలన్నీ వారి కళ్లయెదుటనే ఉడికేవి. "ఇది వైద్యశాలా, వంటశాలా?" అని తోటి వైద్యుడొకరు ఎగతాళి చేస్తే, "రెండూ కడుపు కోసమే గద!" అన్నారట.

విద్వాంసులైన వైద్యులు ఈ నగరానికి ఇంకా వస్తారు. మొండి రోగి గడప దగ్గర నిలిచి అనుమతి వేడే ఆ వినయం మరల లభిస్తుందన్న ఆశ నాకు లేదు. వారి స్మృతికి సాష్టాంగంగా ప్రణమిల్లుతున్నాను.

మొన్న ఇంటికి చేరి ఈ వార్త చెప్పగానే అక్కయ్య లేచింది. దొడ్లోకి వెళ్లి, చీరతోనే తలమీదుగా నీళ్లు కుమ్మరించుకొన్నది. "ఆయన మనవాడు కాదు గదా వదినగారూ, మనకు మైల ఏమిటి?" అని నా భార్య అడిగింది.

"మనవాడు కాకపోతే ఎవరివాడే?" అని అక్కయ్య మరొక చెంబు ముంచుకొన్నది.