అవ్వ పిడికిట్లో లేని బంగారం

దయ్యాల కథ ఎవరు మొదలుపెట్టినా నేను మధ్యలోనే ఆపేసేవాడిని. చనిపోయినవాళ్ళు తీర్పు దినాన కడబూర మోగేదాకా నిద్రలో ఉంటారని, వాళ్ళు మనల్ని పిలవరని, మనం వాళ్ళను పిలవకూడదని సండే స్కూల్లో ఏళ్ళ తరబడి పిల్లలకు నేర్పినవాడిని. ఇప్పటికీ అదే నమ్ముతాను. అయినా మొయినాబాద్ దగ్గర మా ఎర్రచెలకలో ఒక శనివారం పొద్దున నా చెవులతో విన్నది రాయకుండా ఉండలేకపోతున్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సెలవు రోజుల్లో కార్లేసుకుని మా వైపు భూములు చూడటానికి వచ్చే రోజులవి. అందరితో పాటు మేమూ చెలక అమ్మేశాం. సోమవారం జేసీబీలు దిగుతాయని కొన్నవాళ్ళు కబురు పంపారు.

ఆ చెలకలోనే ఎక్కడో మా అవ్వ ఉంది. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. సమాధి అంటే కట్టడం కాదు, తలవైపు పాతిన ఒక రాయి. కౌలుకు చేసినవాళ్ళు ట్రాక్టర్‌తో చదును చేసినప్పుడు ఆ రాయి ఎటో పోయింది. చోటు ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. ఆ రెండు రోజుల్లో దొరికితే అవ్వను చేవెళ్లలో మా సంఘం వాళ్ళ సమాధుల మధ్యకు తీసుకెళ్ళాలి. దొరక్కపోతే ఆమె మీద విల్లాలు లేస్తాయి.

మా అన్న దానయ్య తన మిషన్ తెచ్చాడు. అన్న పదకొండేళ్ళు అరబ్బు దేశంలో డ్రైవర్. అక్కడ అతన్ని పనిలో పెట్టుకున్న సేఠ్‌కు ఎడారిలో ఎండిన వాగుల వెంట మట్టిలో సహజంగా దొరికే బంగారు ముక్కలు వెతకడం పిచ్చి. ఆయన బండి తోలుతూనే అన్న ఆ విద్య నేర్చుకున్నాడు. వచ్చేసేటప్పుడు సేఠ్ తన పాత మెటల్ డిటెక్టర్ ఇచ్చి పంపాడు. అంతకు చాలా ముందే అన్న తనకు దొరికిన మొదటి ముక్కను అవ్వకు పంపాడు. చింతగింజంత ఉండేది, గరుకుగా, నేలలోంచి వచ్చింది వచ్చినట్టే. అవ్వ దాన్ని కొంగున ముడేసుకుని తిరిగేది.

అవ్వ పోయినప్పుడు అన్న రాలేకపోయాడు. ఫోన్లో ఏడుస్తూ ఒక్కటే అడిగాడు. "తమ్మీ, అది అవ్వ చేతుల పెట్టే మట్టి చెయ్యుండ్రి." సరేనన్నాను. పెట్టలేదు. శవంతో బంగారం పూడ్చడం అన్యుల ఆచారమని నాకు గట్టి పట్టింపు. ఎవరూ చూడకుండా కొంగు ముడి విప్పి, ఆ ఆదివారం కానుకల పెట్టెలో వేశాను. సంఘం దాన్ని అమ్మి మందిరానికి రేకులు వేయించింది. అన్నకు మాత్రం పెట్టానని చెప్పాను.

కాబట్టి ఆ పొద్దున అన్న మిషన్ భుజానికి తగిలించుకుని, "ఫికర్ జెయ్యకు, అవ్వ పిడికిట్ల బంగారమున్నది, దొరుకుతది," అంటే నేను అటు తిరిగి పార అందుకున్నాను. అక్కడ ఏమీ లేదని తెలిసినవాడిని నేనొక్కడినే.

అన్న పని చూడటం అదే మొదలు. అంత ఓపిక నేను మోకాళ్ళ మీద ప్రార్థన చేసేవాళ్ళలో కూడా అరుదుగా చూశాను. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ, మిషన్ ఊరికే గోల చేస్తుంది. అన్న దాని కింది చక్రాన్ని నేలకు దించుతూ ఎత్తుతూ, ఒక మీట తిప్పుతూ, ఆ గోల అణిగేదాకా అరగంట ఒకే చోట నిలబడ్డాడు. ఆ తర్వాత నేలను తాకీ తాకకుండా, చెయ్యి ఊపుకుంటూ, అంగుళం వదలకుండా నడిచాడు. మోగిన చోట తవ్వకముందే అదేమిటో చెప్పేవాడు. ఎద్దు కాలి నాడా అంటే నాడానే. సీసా మూత అంటే మూతే. ఒక్కసారి కూడా తప్పలేదు. తవ్విన ప్రతి గుంతనూ పూడ్చి, కాలితో తొక్కి ముందుకు కదిలాడు. అమ్మేసిన భూమి కదా అన్నాను.

"మనం తవ్వింది మనమే పూడ్వాలె," అన్నాడు.

వదిన గట్టు మీద కూర్చుని దెప్పుతూనే ఉంది. "ఇంట్ల చెంచా పోతె దేవులాడడు గని, చెలకంత దేవులాడుతుండు చూడు."

"చెంచా మాట్లాడదు గదనే," అన్నాడు అన్న, తల ఎత్తకుండా.

పదకొండు గంటల ప్రాంతంలో ఆగిపోయాడు. చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి నాకు పెట్టాడు. "ఇను. బంగారం గిట్లనే అంటది."

సన్నటి శబ్దం. మెల్లగా లేచి, మెల్లగా వంగింది, నిద్రలో మనిషి మూలిగినట్టు. అన్న మిషన్‌ను అడ్డంగా ఊపినా నిలువుగా ఊపినా అదే చోట పలికింది. హెడ్‌ఫోన్ తీసి అన్న చేతిలో పెట్టాను.

మూర లోతులో అవ్వ దొరికింది. అప్పట్లోనే కింద బండ తగిలి లోతుగా తవ్వలేకపోయాం, పైమట్టిని ట్రాక్టర్ గీకేసింది. పెట్టె లేదు, మేకులు లేవు, చాపలో చుట్టి పెట్టినవాళ్ళం. ఎడమ ముంజేతి ఎముక మధ్యలో చెరకు కణుపు లాంటి ముడి ఉంది. బావి దగ్గర పడి, విరిగి, వంకరగా అతుక్కున్న చెయ్యి. వదిన చూసి, "అత్తనే," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎముకలు తెల్లటి గుడ్డలోకి తీసుకున్నాక అన్న ఆ మట్టినంతా జల్లెడ పట్టాడు. రెండుసార్లు. ఏమీ లేదు. మళ్ళీ మిషన్ పెట్టాడు. గుంత పలకలేదు. మట్టికుప్ప పలకలేదు. గుడ్డ మీద పెట్టినా చప్పుడు లేదు. మూడోసారి జల్లెడ అందుకుంటుంటే నేను తట్టుకోలేక అంతా చెప్పేశాను.

అన్న జల్లెడ పక్కన పెట్టి ఆ మట్టిలోనే కూర్చున్నాడు. కొట్టినా బాగుండేది.

"మరి మనం ఇన్నదేందిరా?"

తెలియదన్నాను.

"నువ్వు ముందుగాల్నే చెప్తె," అన్నాడు, "నేను మిషనే తేకపోదును." లేచి, గుంత పూడ్చడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ప్రార్థన చేసి అవ్వను చేవెళ్లలో పెట్టాం.

మిషన్ పొరపాటు పడిందనుకుందామంటే, ఆ రోజు అది ఇంకెక్కడా పొరపాటు పడలేదు. మట్టిలోని ఇనుము అనుకుందామంటే, తవ్వి తీశాక అదే మట్టి ఎందుకు పలకలేదు? అవ్వ పిలిచిందనడానికి నా విశ్వాసం ఒప్పుకోదు. నా అబద్ధాన్ని దేవుడు వాడుకున్నాడనడానికి నాకు ధైర్యం చాలదు, అది నన్ను నేను మరీ చవకగా క్షమించుకోవడం అవుతుంది. కానీ అన్న అన్నది నిజం. నేను నిజం చెప్పి ఉంటే అవ్వ దొరికేది కాదు.

సంఘంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని లేపినప్పుడల్లా ఈ సంగతి నోటిదాకా వస్తుంది. ఏమని చెప్పాలో తెలియక కూర్చుండిపోతాను.