మూఢంలో కట్టిన మూట

మార్కాపురంలో నేను పనిచేసే బట్టల దుకాణానికి కొత్త మేనేజరు వచ్చిన రోజు నుంచి నాకు ఏది మంచిపనో, ఏది చెడ్డపనో తెలియకుండా పోయింది. అంతకుముందు తెలిసేదా అంటే, తెలిసేది. వచ్చినవాళ్లు నవ్వుతూ మెట్లు దిగితే మంచిపని చేసినట్టు. పాత షావుకారు లెక్క అంతే. ఆయన్ని మేమంతా మామా అనేవాళ్లం. మోకాళ్ల నొప్పులతో ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక, అల్లుడు ఈ మేనేజరును తెచ్చి కూర్చోబెట్టాడు.

మేనేజరు చెడ్డవాడని చెప్పడానికి లేదు, అదే నా బాధ. గొంతు పెంచడు. తిట్టేటప్పుడు కూడా ప్లీజ్ అంటాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో ఇంటికెళ్లి బియ్యం కడుగుతూ ఆలోచిస్తే గానీ తేలేది కాదు. ఒక్కోసారి అన్నం ఉడికినా తేలేది కాదు.

నాది పట్టుచీరల సెక్షన్. పెళ్లిళ్ల కాలం అయిపోయి మూఢం వచ్చింది. మూఢంలో మా వైపు పెళ్లిబట్టలు కొనరు. కొనరంటే కొనరు. గిద్దలూరు నుంచి వచ్చినా, కంభం నుంచి వచ్చినా తువ్వాళ్లూ లంగాలూ కొనుక్కుని పోతారు. సరిగ్గా ఆ నెలలోనే పట్టుచీరలకు పెళ్లిళ్ల నెలలో కన్నా పెద్ద టార్గెట్ పెట్టాడు. పాపం పొరపాటు పడ్డాడేమోనని చెప్పడానికి వెళ్లాను.

"సార్, మూఢంలో పట్టుచీర ఎవురూ కొనరు సార్."

"మూఢం మీ మనసులో ఉంది మేడమ్, కస్టమర్ మనసులో లేదు" అన్నాడు నవ్వుతూ.

నా మనసులోని మూఢం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఎలా పాకిందో నాకు అర్థం కాలేదు. పంచాంగం రాసింది నేనైతే కాదు!

ఆ రోజుల్లోనే వెలిగండ్ల వైపు నుంచి గొర్రెలు కాసుకునేవాళ్ల కుటుంబం ఒకటి వచ్చింది. వాళ్లింట్లో ఏ పెళ్లయినా చీరలు నా చేతి మీదుగానే వెళ్లేవి. పెద్దావిడను నేను అత్తా అంటాను, ఆమె నన్ను కోడలా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. ఈసారి పెళ్లి ఆమె మనవరాలికి.

మూఢంలో కొనకూడదు గానీ చూసుకోవచ్చు. నచ్చినవి పక్కన పెట్టించి, మూఢం పోయాక మంచిరోజు చూసుకుని వచ్చి, పసుపు కుంకుమ పెట్టి తీసుకెళ్తారు. మేము వాటిని పాత పంచెలో మూటగట్టి పై అరలో పెట్టేవాళ్లం. అడ్వాన్సు ఉండదు, మాటే. అలా కట్టించుకుని రానివాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

పెళ్లికూతురు పొద్దుటి నుంచి నోరు విప్పలేదు. ఏది చూపించినా అవ్వ మొహమే చూసింది. చివరికి చిలకాకుపచ్చ అంచున్న పసుపు చీర ఒకటి విప్పితే, దాని మీద చెయ్యి వేసి ఇక తీయలేదు. అందరం నవ్వాం.

"మూఢం పోయినాక బేస్తవారం వస్తాం కోడలా. పిల్ల మనసుపడింది. ఎవురికీ ఇయ్యబాకు."

"నేనుండంగ ఎవురికి పోతాది అత్తా? నువ్వు నిశ్చింతగ ఉండు" అన్నాను. ముహూర్తానికి ఆ పిల్ల కట్టుకోవలసిన చీర నా మాట మీద అక్కడ ఉండిపోయింది.

వాళ్లు వెళ్లగానే మేనేజరు వచ్చాడు. పూటంతా గడిచింది, బిల్లు ఏదని అడిగాడు. మూట చూపించాను.

"ఇది సేల్ కాదు మేడమ్. స్టాక్ బ్లాక్ చేయడం."

"మరి ఏం చెయ్యమంటారు సార్?"

"కస్టమర్‌తో రిలేషన్ పెంచుకోండి, ప్లీజ్."

పొద్దుటి నుంచి నేను పెంచుకుంటున్నది ఏమిటో మరి.

సోమవారం షట్టరు ఎత్తగానే అందరం వరుసగా నిలబడితే మీటింగు జరుగుతుంది. ఆ సోమవారం నన్ను ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించాడు. మూఢంలో కూడా పట్టుచీర అమ్మొచ్చని మేడమ్ నిరూపించారు అన్నాడు. నేనేం అమ్మానో నాకే తెలియదు. అంతలో ఆయనే చెప్పాడు. నా సెలవు రోజున ఎవరో ప్రయాణంలో ఆగినవాళ్లు పట్టుచీర అడిగితే, మూట విప్పి ఆ పసుపు చీర ఇచ్చాడట. నా టార్గెట్‌కు సాయంగా ఉంటుందని బిల్లు నా నంబరు మీద వేశాడట. తలెత్తి పై అర చూశాను. పంచె మడతపెట్టి ఉంది.

నా చేతిలో చాక్లెట్ పెట్టారు. ఆ వెంటనే, ఇంత చేసినా టార్గెట్ అందలేదు కాబట్టి రేపటి నుంచి నేను గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్లకు నమస్కారం పెట్టాలని చెప్పాడు. అయితే చప్పట్లు ఎందుకు? చప్పట్లు కొడితే గుమ్మం ఎందుకు? పక్కనున్న అమ్మాయిని అడిగితే, "తినక్కా, కరిగిపోతాది" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ ఎవరి సెక్షన్‌కు వాళ్లు వెళ్లాక మేనేజరును అడిగేశాను. "అది ఇంకొకరి చీర సార్."

"బిల్లు కాని చీర షాపుదే కదా మేడమ్. అదే రంగులో ఇంకోటి చూపిద్దాం."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఈరోజుకీ నేను వేలు పెట్టి చూపించలేను. కానీ తప్పుంది. సాయంత్రం షావుకారు ఇంటికి వెళ్లి చెప్పుకున్నాను. అంతా విని, "అల్లుడు చూసుకుంటా ఉండాడు గదమ్మా" అని టీవీ వైపు తిరిగాడు. అత్తకు కబురు చేద్దామంటే, మూటలకు ఫోన్ నంబర్లు రాసుకునే అలవాటు మాకెన్నడూ లేదు. ఊరు తెలిస్తే చాలనుకునేవాళ్లం.

మూఢం పోయింది. బేస్తవారం పొద్దున్నే ఆటో దిగారు. అత్త చేతిసంచిలో పసుపు కుంకుమలు.

"ఏంది కోడలా, ఈడ నిలబడినావు?"

చెప్పేశాను. నీళ్లు నమలకుండా చెప్పాను, కళ్లలోవి మాత్రం ఆగలేదు. పెళ్లికూతురు నా మొహం చూస్తూ ఉండిపోయింది, ఇప్పుడో ఇంకాసేపటికో ఎగతాళికి అన్నానంటానని కాబోలు. లోపల వేరే అమ్మాయి అదే రంగు చీర ఒకటి విప్పి చూపించింది. పిల్ల దాని మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

ఏమీ కొనకుండానే గుమ్మం దాకా వచ్చారు. అత్త నన్ను నాలుగు తిడితే బాగుండేది.

"పోనీలే కోడలా. నీ చేతిలో ఏముండాది?" అంది.

కౌంటరు దగ్గర నుంచి మేనేజరు చూస్తున్నాడు. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "మళ్లీ రండి" అన్నాను.

అత్త ఆగిపోయింది. ఏం చెయ్యాలో ఆమెకూ తెలియలేదు. తర్వాత సంచిని చంకలోకి మార్చుకుని, కొత్తవాళ్లకు పెట్టినట్టు నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, మెట్లు దిగిపోయింది.