బీడీలకు పడని పొగ

ఈ రోజు మధ్యాహ్నం బోధన్ దగ్గర ఒక బీడీ కార్ఖానాకు జనరేటర్ సర్వీసింగుకు వెళ్లాను. కరెంటు లేదు. వానకు తడుస్తుందని జనరేటర్‌ను గదిలోపలే నడుపుతున్నారు, పైగా కిటికీలన్నీ మూసేశారు. దాని పక్కనే పదిమంది ఆడవాళ్లు తలనొప్పికి నుదుటిమీద కొంగులు బిగించుకుని బీడీలు చుడుతున్నారు. వెంటనే దాన్ని ఆపి, తలుపులు తెరిచి, అందరినీ బయటికి పంపించాను.

"లోపల పెట్టొద్దని పోయినసారే చెప్పిన గద సేటూ! ఈ పొగకు పానాలు పోతయి" అని అరిచాను.

"గా తలనొప్పి పొగాకు ఘాటుకే అన్నా, రోజూ ఉండేదే" అన్నాడు సేటు.

"మరి చుట్టిన బీడీలేవి? ఈడ ఒక్క కట్ట గూడ లేదు."

"వెనక అర్రల పెట్టిపిచ్చిన. జనరేటర్ పొగ పడితే వాసన ఖరాబైతది, కంపెనీవోళ్లు వాపస్ జేస్తరు" అంటూ వెనక గది చూపించాడు.

జనరేటర్‌ను నేనే ఈడ్చుకెళ్లి, తలుపులకు దూరంగా వాకిట్లో రేకుల కింద పెట్టాను. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ అంతా విని, "రేపటి సంది మమ్ముల గూడ గా బీడీల అర్రల్నే కూసోపెట్టు సేటూ" అంది.

సేటు పెద్దగా నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు. మీకొచ్చిందా?