కాదనలేని గుమాస్తా

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోని సిమెంటు కొట్టు గుమాస్తాని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందరికీ ఆయన బాబాయే. ఎవరేమడిగినా తల గోక్కుంటూ "ఔను" అనేవాడు.

ఆ కొట్టు నుంచి సిమెంటు కంపెనీకి ఆర్డర్లు పంపే ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. ఓసారి ఇరవై బస్తాలకు బదులు రెండు వందలు కొట్టాడు. "సరేనా? ఔను/కాదు" అని స్క్రీను అడిగితే, ఔను నొక్కేశాడు. లోపల చోటు చాలక సగం బస్తాలు వానకి గడ్డకట్టాయి.

"చూసుకోవా బాబాయ్?"

"అడిగినోలకి కాదని ఎలాగ సెప్తాం బాబూ?"

విసిగిపోయి ప్రశ్న తిరగేశాను: "తప్పుందా? ఔను/కాదు." ఔనంటే ఆర్డరు ఆగిపోతుంది.

ఆ వారం ఒక్క బస్తా రాలేదు. యజమాని నా మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వు కొట్టినవన్నీ తప్పులేనా బాబాయ్?" అని అరిచాను.

తల గోక్కున్నాడు.

"ఔను బాబూ."