ఏడిండ్ల పిల్లి

మా వదిన పెంచుకున్న పిల్లిని, దాని రెండు పిల్లలతో సహా గోనెసంచిలో వేసి మూతి కట్టి, సైకిలు మీద తీసుకుపోయి మడికొండ అవతల వదిలేసి వచ్చాను. ఇంటికొచ్చి ఆమెకు అబద్ధం చెప్పాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు అది. వరంగల్లులో మాది జంపఖానాలు నేసే ఇల్లు. అన్న పోయాక వదిన మాతోనే ఉండేది. టైఫాయిడ్ వచ్చి తగ్గినప్పటి నుంచి, చెవి దగ్గర గొంతు చించుకుని అరిస్తే తప్ప ఆమెకు వినపడదు. ఎవరైనా తలుపు గొళ్లెం కొడితే ఆ పిల్లి వంటింట్లోకి పోయి ఆమె పాదం మీద పంజా పెట్టేది. పాలు పొంగుతున్నా అంతే. నా దగ్గర, నా భార్య దగ్గర అరిచి గోల చేసేది. వదిన ముందు మాత్రం నోరు తెరిచేదే గాని చప్పుడు చేసేది కాదు. ఈమెకు వినపడదని దానికెవరు చెప్పారు?

కుక్కకు మనిషి కావాలి, పిల్లికి ఇల్లుంటే చాలు అని పెద్ద పెద్ద చదువులవాళ్లు రాస్తే చదివాను. బడి మొహం చూడనివాణ్ని, పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. అచ్చులో ఉన్నదల్లా నిజమనుకునేవాణ్ని. ఆ రాసినవాళ్లు ఒక్కపూటైనా పిల్లితో గడిపారా? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ పిల్లి ఈనడానికి ఇంకెక్కడా చోటు దొరకనట్టు, పెళ్లివారి జంపఖానాకని అద్దకం వేయించి తెచ్చిన ఎర్రనూలు గంపలో ఈనింది. నూలంతా పాడైంది. మాకు నేత పనిచ్చే సేటు నలుగురిలో నన్ను తిట్టాడు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలంటారు కాబట్టి చంపలేదు, అంతే. పాడుబడ్డ మోటారు కొట్టంలో సంచి విప్పి, వెనక్కి చూడకుండా సైకిలెక్కాను.

ఇంటికొచ్చేసరికి వదిన మూలమూలా వెతుకుతోంది. ఈనిన పిల్లి తన పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతుందని మా దగ్గర పసివాళ్లకు కూడా తెలుసు. నేను ఏడు వేళ్లు చూపించి, చెయ్యి వాడ వైపు తిప్పాను. ఆమె మొహం తేటపడింది.

"ఏడిండ్లకు వోయిందా? అయితే వస్తది తియ్."

అంది గాని ఊరుకోలేకపోయింది. రోజూ ఇంటింటికీ పోయి మా పిల్లి వచ్చిందా అని అడిగేది. జవాబు వినపడదు గనుక తానే మంచాల కిందికి వంగి చూసేది. ఎదురింటి ముసలమ్మ నవ్వేది: "పిల్లి కంటె ఎక్కువ ఇండ్లు నువ్వే తిరుగుతానవ్ గదనే!" ఆ మాట వదినకు వినపడలేదు. నాకు వినపడింది.

వారం దాటాక పిల్లి వచ్చింది. పక్కటెముకలు తేలాయి, పాదాలు పగిలాయి. నోట్లో ఒక పిల్ల ఉంది. దాన్ని తెచ్చి వదిన పాదాల మీద పెట్టింది. నోరు తెరిచింది, చప్పుడు లేదు. పాలు పోస్తే మూతి కూడా పెట్టకుండా మళ్లీ వాకిలి దాటింది.

"రెండోదాని కోసం వోతాంది. ఏడో ఇంట్ల ఉన్నట్టుంది," అని వదిన దూది వత్తితో ఆ పిల్లకు పాలు పట్టింది.

ఆ ఏడో ఇల్లు ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు. సైకిలు గోడకు ఆనించి ఉంది. పొద్దుగూకేలోపు పోయి రావచ్చు. కాని తెస్తే ఎక్కడిదని అడుగుతారు. పోలేదు. మగ్గం ముందు కూర్చుని నేస్తూనే ఉన్నాను. కొన్నాళ్లకు పిల్లి ఖాళీ నోటితో తిరిగొచ్చింది.

వదినకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. సైగలతో అన్నం అడగొచ్చు, నీళ్లు అడగొచ్చు. ఇది చెప్పాలంటే అరవాలి. అరిస్తే వాడంతా వింటుంది. ఆ పేరు చెప్పుకుని ఏళ్లు దాటేశాను. పిల్లి ముసలిదై పోయింది. వదిన మాత్రం ఎవరింటికి పోయినా ముందు మంచం కిందికి వంగి చూసేది.

ఎదురింట్లోకి టీవీ వచ్చాక, ఆదివారం పొద్దున వాడ మొత్తం దాని ముందే ఉండేది. ఆ మోతలో నా గొంతు ఎవరికీ పట్టదని ధైర్యం వచ్చింది. వదిన అరుగు మీద బియ్యం చెరుగుతోంది. ఆమె చెవి దగ్గర నోరు పెట్టాను.

"వదినె! ఏడిండ్లు అన్నది అబద్ధం! పిల్లిని, దాని పిల్లల్ని నేనే సంచిల గట్టి..."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"...మడికొండ అవతల ఇడిసిపెట్టొచ్చిన!"

ఈ ముక్క వాడంతా విన్నది. జనం గుమ్మాల్లోకి వచ్చారు. "థూ, నీ బతుకు చెడ!" అంది ఎదురింటి ముసలమ్మ.

వదిన వాళ్ల దిక్కు చూడలేదు. చాట పక్కన పెట్టి, నా మొహంలోకి చూసింది.

"మడికొండ నుంచా? అంత దూరం అది పిల్లను నోట గరుసుకొని నడిసొచ్చింది. నీళ్లు గూడ తాగకుంట మల్ల వోయింది. నీకు సైకిలుండె గద, మరిదీ?"