ఆమె నేసిన చీర

ధర్మవరంలో మా ఇంటి ముందుగదంతా మగ్గమే. గుంటలోకి కాళ్లు దించి, కింది చెక్కలు తొక్కుతూ పాతికేళ్లు పట్టుచీరలు నేశాను. షుగరు ఉందని తెలుసు. ఎడమ బొటనవేలికి పుండు పడిందనీ తెలుసు. నా భార్య అడిగితే "చెక్క గీసుకునిండాది, అంతే" అని గుడ్డ చుట్టేవాణ్ని. వాసన వచ్చేదాకా దాచాను. చివరికి ఆమే గుడ్డ విప్పి చూసి, పెనుకొండలో ఉన్న వాళ్లన్నకు ఫోన్ చేసింది. ఆయన కారు తెచ్చి హిందూపురం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

ఇంటికొచ్చాక ఎవరైనా పలకరించడానికి వస్తే నిద్రపోతున్నట్టు నటించేవాణ్ని. అన్నిటికన్నా వింత, లేని పాదం దురద పెట్టేది. ఒక మధ్యాహ్నం తట్టుకోలేక ఆమెను పిలిచి చెప్పాను.

"యాడ పెడతాండాది?" అని అడిగింది.

"అరికాల్లో."

ఆమె పాదం ఉండాల్సిన చోట దుప్పటిని గోళ్లతో గీరింది. నవ్వలేదు. నిజంగానే కొంచెం తగ్గింది. అలా తగ్గడమే నాకు అవమానంగా తోచింది. "నన్ను పిచ్చోణ్ని చేస్తాండావా?" అంటూ చేతికందిన నీళ్ల చెంబు గోడకేసి కొట్టాను. ఆమె నేల తుడిచి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ముందుగదిలో మగ్గం చప్పుడు వినిపించింది. నేను సగంలో వదిలేసిన చీర మీద ఆమె కూర్చుని ఉంది. నేత ఆమెకు నేనెప్పుడూ నేర్పలేదు. ఇన్నేళ్లూ నా పక్కన దారం చుడుతూ, చూసి నేర్చుకుంది. నేను మంచం మీద నుంచే "అంచు వంకర పోతాండాది" అని అరిచేవాణ్ని. ఆమె విప్పి మళ్లీ నేసేది. సాయంత్రానికి ఆమె పాదాలు వాచిపోయేవి.

చీర పూర్తయ్యాక, మా చీరలు కొనే షావుకారు వచ్చాడు. వెలుతురులో పట్టి చూసి, "ఒంటికాల్తో ఇట్లా నేసినావా! మొగోడివప్పా నువ్వు" అన్నాడు.

ఆమె కాఫీ గ్లాసులతో గడపలో నిలబడి ఉంది.

"అలవాటైన చెయ్యి గదన్నా" అన్నాను.

అబద్ధం అంత సులువుగా వచ్చింది. ఆమె గ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి పోయింది. ఆయన వెళ్లాక, "నువ్వేమీ అనలేదే?" అని నేనే అడిగాను.

"ఏమనల్ల? ఆయప్ప ముందర నిన్ను చిన్న చెయ్యల్లనా?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత హిందూపురంలో కృత్రిమ కాలు పెట్టారు. కొత్తలో పది అడుగులకే కాలి మోడు ఒరుసుకుని మండేది. కాస్త అలవాటు పడగానే కర్ర పట్టుకుని షావుకారు అంగడికి నడిచాను. నలుగురు నేతగాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్ల ఎదుటే చెప్పాను:

"ఆ చీర నేను నేసింది గాదన్నా. నా భార్య నేసింది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ మాట ఆ పొద్దే చెప్పింటే నీకేం పొయ్యేదప్పా?"

కర్ర ఆనించుకుంటూ వెనక్కి తిరిగాను.

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను. మగ్గం ఆపి, "ఆడ ఎవురెవురుండిరి?" అని అడిగింది. ఒక్కొక్కరి పేరూ చెప్పాను.

"వాళ్ల ముందరే చెప్పినావా?"

"చెప్పినా."

"సరే" అని మళ్లీ నేత మొదలుపెట్టింది. క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.