నాలుగడుగుల మెరక

గవర్నర్‌పేటలో ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. ఊరందరికీ మేడలు గీసినవాణ్ణి, మా అక్కకి ఒక్క గది వేయలేకపోయాను.

అక్క పెళ్లి చేసుకోలేదు. కంకిపాడులో టీచరుగా రిటైరై మా ఇంటికొచ్చింది. ఉద్యోగమంతా ఎవరితోనో పంచుకున్న అద్దె వాటాల్లోనే గడిచింది. "పైన నాకంటూ ఒక గది వెయ్యరా, చాలు" అంది.

మా ఇల్లు గన్నవరం విమానాశ్రయం పక్కనే. వరద భయంతో, కట్టేటప్పుడే నాలుగడుగుల మెరక తోలించాను. "ఇల్లు కడుతున్నావా, కొండపల్లి కోటా?" అని అక్క అప్పుడే నవ్వింది. "నీకు తెలీదులే అక్కా" అన్నాను. అన్నీ నాకే తెలుసు కదా!

పై గదికి విమానాశ్రయం వాళ్లని ఎత్తు అనుమతి అడిగితే, మూడడుగులు ఎక్కువైంది, కుదరదన్నారు. కోపంగా వాళ్ల ఆఫీసుకెళ్లాను.

"మా కొబ్బరిచెట్టే అంతకన్నా ఎత్తుంటుందండీ!"

"మీ నేల మీద నుంచి కాదండీ, సముద్రమట్టం నుంచి లెక్క" అన్నాడు అక్కడి అధికారి, నెమ్మదిగా.

అంటే నేను పోయించిన మట్టి కూడా లెక్కలోకొచ్చింది. అది లేకుంటే గది వచ్చేదే. ఎవరి మీద అరవను? విమానాలు పెరగాలని టీకొట్టు దగ్గర గొంతు చించుకున్నవాణ్ణి నేనే. ఈ సంగతి ముందే కనుక్కోవలసినవాణ్ణీ నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

"పోనీ కప్పు కిందికి దింపరా. నేనేమన్నా తాటిచెట్టునా?" అంది అక్క.

"ఏడడుగుల ఎత్తు గదికి ప్లానెవరు పాస్ చేస్తారు?" అని కసిరాను. అక్క మళ్లీ అడగలేదు.

ఆరేళ్లు హాల్లోనే, సోఫా వెనక మంచం మీద పడుకుంది. ఎవరైనా వస్తే దుప్పటి మడిచి వంటింట్లోకి వెళ్లిపోయేది. తన చీరలు మా గది బీరువాలో ఉండేవి. చీర తీసుకోవాలన్నా "రావచ్చా" అని అడిగేది. ఆ మాట వినడం నాకు సిగ్గుగా ఉండేది, అయినా విని ఊరుకునేవాణ్ణి.

పోయినేడు మంచాన పడింది. చివరి రోజుల్లో చూడవచ్చినవాళ్లు చుట్టూ కుర్చీలేసుకుని కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచి, "కాసేపు తలుపు వెయ్యరా" అంది.

హాలుకి తలుపెక్కడిది? వెళ్లి వీధి తలుపు వేసి వచ్చాను. కుర్చీల్లో వాళ్లు అలాగే కూర్చుని ఉన్నారు. అక్క గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంది.